ఆరు వందల దగ్గర ముల్లు

ఉదయం ఆరు ఇరవై రెండు.

పాలసముద్రం దాటాక హైవే మూడు కిలోమీటర్లు గీత గీసినట్టు పోతుంది. ఆ గీత చివర, పంట తీసేసిన వేరుశనగ చేనులో, ఒక తెల్ల ఎస్టీమ్ కారు కాలుతోంది.

ముందు భాగం రాతి కట్టను గుద్దుకుంది. నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. బానెట్ మాత్రం లేదు. అది అరవై అడుగుల వెనక, తారు రోడ్డు మీద పడి ఉంది.

స్టీరింగ్ వెనక ఒక మనిషి. కదలడం లేదు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఆంజనేయులు ఆరు యాభైకి వచ్చాడు. ఫైరింజన్ ఏడు పదికి వచ్చింది. ట్యాంకులో సగమే నీళ్లు.

"మిగతా సగం ఏమాయ?" ఆంజనేయులు అరిచాడు.

"బోరు ఎండిపోయింది సార్. ఇంకో బోరు కాడ లైన్లో నిలబడి పట్టుకొచ్చినాం."

ఆంజనేయులు పళ్లు నూరాడు. మంట అదృష్టవశాత్తూ ఇంజన్ దాటి వెనక్కి రాలేదు. మనిషి ఒళ్లు పెద్దగా కాలలేదు. మెడ విరిగింది.

చనిపోయినవాడు కిరణ్. ఇరవై ఎనిమిదేళ్లు. గోరంట్ల దగ్గర నూరెకరాల మెట్ట ఉన్న మాజీ మండలాధ్యక్షుడు నరసింహప్ప పెద్దకొడుకు. పెళ్లయి రెండేళ్లు.

ఫైర్ సిబ్బందిలో ఒకడు డిక్కీ తెరిచి వెనక్కి దూకాడు.

"సార్! లోపల సిలిండర్ ఉండాది!"

నీలం రంగు సిలిండర్. రెండడుగుల పైచిలుకు పొడుగు. వెనక సీటుకు ఏటవాలుగా ఆనించి, రెండు ఇనుప పట్టీలతో బిగించారు. ఒక కొస స్పీకర్ పెట్టె వెనక, ఇంకో కొస స్టెపినీ టైరు వెనక దాగి ఉన్నాయి.

"ఒక్క నిమిషం. ఫోటో తీయనీ," అన్నాడు ఆంజనేయులు.

"పేలితే ఎవరిది పూచీ సార్?"

ఫోటోగ్రాఫర్ భయపడుతూ ఒకే ఒక్క ఫోటో కొట్టాడు. ఫైర్ వాళ్లు పట్టీలు విప్పి, పైపు కోసి, సిలిండర్‌ను ఎత్తుకుపోయి తడి ఇసుకలో పూడ్చేశారు.

ఆంజనేయులు పంచనామా చెప్తుంటే హెడ్ కానిస్టేబుల్ మస్తాన్‌వలి రాసుకున్నాడు. డిక్కీలో నీలం సిలిండర్. మధ్యలో గోపురం లాంటి గుర్తు. తెలుపు, ఎరుపు రంగులు.

ఏడు నలభైకి జీపు దిగాడు నరసింహప్ప. వెంట చిన్నకొడుకు ప్రవీణ్. ఇరవై మూడేళ్లవాడు. అన్నను చూసి చేనులోనే కూలబడ్డాడు.

నరసింహప్ప ఏడవలేదు.

"ఇది యాక్సిడెంట్ కాదు ఇన్‌స్పెక్టర్. కదిరిలో ఓబులేసు అని మెకానిక్ ఉండాడు. వాడే చంపినాడు నా కొడుకును."

"యట్లా చెప్తారు?"

"ఆ సిలిండర్ పెట్టింది వాడే. మొన్న ఆదివారం షెడ్డులో నా కొడుకుతో కొట్లాడినాడు. నువ్వు దీంతోనే సస్తావు అన్నాడంట, పది మంది ముందర. రాసుకో. మర్డర్ అని రాసుకో."

ఎనిమిది ఐదుకు డీఎస్పీ నుంచి మొదటి ఫోన్. ఎనిమిదిన్నరకు రెండోది. నరసింహప్ప ఫోను డీఎస్పీకి వెళ్లినంత వేగంగా ఫైరింజన్ వచ్చి ఉంటే బాగుండేది అనుకున్నాడు ఆంజనేయులు.

మధ్యాహ్నం మూడు పదికి ఓబులేసును కదిరి షెడ్డులో అరెస్టు చేశారు. 2004 డిసెంబర్ 21, మంగళవారం.

ఇరవై నాలుగు గంటల్లో పెనుకొండ మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. నిలబెడితే రిమాండ్. మర్డర్ కేసులో బెయిల్ అంత తేలిగ్గా రాదు. ఫోరెన్సిక్ రిపోర్టుకు రెండు నెలలు. అప్పటిదాకా మనిషి జైల్లో ఉంటాడు.

దోషి అయితే సరే. కాకపోతే?

* * *

ఓబులేసుకు నలభై దాటాయి. ఎడమ చెంప వాచి ఉంది.

"ఎవరు కొట్టినారు?"

"వాళ్ల చిన్నోడు ప్రవీణ్ సార్. మీ జీపు రాకముందే వచ్చినాడు. షెడ్డు అద్దాలు కూడా పగలగొట్టినాడు."

"ఆ సిలిండర్‌లో ఏముంది?"

"నైట్రస్ సార్."

"అంటే?"

"ఆపరేషన్ చేసేటప్పుడు మత్తుకు ఇస్తారే, ఆ గ్యాసే. కారు ఇంజన్‌లోకి వదిలితే బలమొస్తాది. కిరణప్ప బెంగుళూరు నుంచి కిట్టు తెచ్చినాడు. బిగించింది నేనే. సెట్టింగ్ చేసింది నేనే. అబద్ధం చెప్పను."

"బలం యట్లా వస్తాది?"

ఓబులేసు రెండు చేతులతో తిత్తి ఊదినట్టు చూపించాడు.

"కొలిమి చూసినారు కదా సార్. తిత్తి ఊదితే నిప్పు రగులుతాది. ఈ గ్యాసు తిత్తి లాంటిది. పెట్రోలు బొగ్గు. తిత్తి గట్టిగా ఊదేకొద్దీ బొగ్గు ఎక్కువ పెట్టాల. బొగ్గు చాలకపోతే లోపలుండే ఇనుమే కరిగిపోతాది. గ్యాసుకొక జెట్టు, పెట్రోలుకొక జెట్టు ఉంటాయి. ఇత్తడివి, సూదిబెజ్జం అంత రంధ్రం. ఆ రెండూ సరిపడేట్టు చూడడమే నా పని. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే గ్యాసు తెరుచుకునేట్టు స్విచ్ కూడా పెట్టినా."

"మరి ఇంజన్ పేలిందే, లోపల ఎందుకు కరిగింది?"

"కరగకూడదు సార్."

"కరిగింది కదప్పా! మనిషి సచ్చిపోయినాడు!"

"కరగకూడదు సార్," ఓబులేసు మళ్లీ అదే అన్నాడు.

ఆంజనేయులు టేబుల్ గుద్దాడు. టీ గ్లాసు దొర్లి ఎఫ్.ఐ.ఆర్. కాగితం తడిసింది. మస్తాన్‌వలి గబగబా కర్చీఫ్‌తో అద్దాడు.

"ఆదివారం గొడవెందుకు?"

"పెద్ద జెట్టు వెయ్యమన్నాడు. వెయ్యనంటి. ఇంజన్ తట్టుకోదన్నా. ఇన్ని ఏళ్లు పనిచేసి నువ్వు పిరికోడివే అన్నాడు. కోపమొచ్చింది. దీంతోనే సస్తావు పో అన్నా." ఓబులేసు చేతులు జోడించాడు. "నోరు జారినా సార్. ఆ మాటకు నన్ను ఉరేస్తారా?"

"నిన్న కారు ఎవరి దగ్గర ఉంది?"

"ఆదివారం సాయంత్రమే తీసుకుపోయినాడు. మళ్లా నేను చూడలా."

"ఇంకేమైనా నాకు చెప్పాల్సింది ఉందా?"

ఒక్క క్షణం తటపటాయింపు. ఆంజనేయులు కళ్లు దాన్ని పట్టుకున్నాయి.

"లేదు సార్."

* * *

భరత్‌కుమార్‌ను సాయంత్రం ఆరు గంటలకు పిలిపించాడు ఆంజనేయులు. కిరణ్‌తో పాటు ఆ ఉదయం హైవే మీద ఇంకో కారు నడిపింది ఇతనే. కదిరిలో గ్యాస్ ఏజెన్సీ నడిపే రామలింగయ్య కొడుకు.

"పందెమా?"

"పందెం కాదు సార్. ఊరికే. ఎవరిది ముందు పోతాదో చూద్దామని."

"ఊరికే! రోడ్డు మీద ట్రాఫిక్ ఉండదని తెల్లారక ముందే లేచి వచ్చినారు. ఊరికేనా?"

భరత్‌కుమార్ తల దించుకున్నాడు.

"మొదట నేనే ముందున్నా సార్. మధ్యలో కిరణ్ నన్ను దాటిపోయినాడు. బాణం మాదిరి. అంత స్పీడు ఆ కారుకు ఎప్పుడూ చూడలేదు. నాలుగైదు సెకన్లు. తర్వాత ఢమాల్‌మని చప్పుడు. బానెట్ ఎగిరింది. కారు అడ్డంగా తిరిగి చేనులోకి పోయింది."

"మీది గ్యాస్ ఏజెన్సీ. సిలిండర్లు నీకు తెలుసు."

"వంట గ్యాసు తెలుసు సార్. ఆ నీలం సిలిండర్‌ను నేను ముట్టలా."

"సోమవారం రాత్రి యాడున్నావు?"

"కదిరిలో మా అక్క ఐశ్వర్య నిశ్చితార్థం. నూటాయాభై మంది ఉన్నారు. పొద్దున నాలుగున్నరకు ఇంట్లోంచి బయలుదేరి నేరుగా హైవేకి వచ్చినా. కావాలంటే మా నాయన్ను అడగండి. ఆయన ఇప్పుడు నన్ను చంపేట్టు ఉన్నాడు."

విచారించారు. నిజమే. నూటాయాభై మంది కాదు, రెండువందల మంది చెప్పారు.

ఆంజనేయులు డైరీలో భరత్‌కుమార్ పేరు మీద గీత కొట్టాడు. కలం ముక్కు విరిగింది.

* * *

బుధవారం ఉదయం ఎనిమిదిన్నర. కదిరి. ఓబులేసు షెడ్డు.

అద్దాలు పగిలి నేలంతా మెరుస్తోంది. ఓబులేసు భార్య చౌడమ్మ చీపురుతో ఊడుస్తోంది. పోలీసుల్ని చూసి చీపురు ఆపలేదు.

"ఇంకేం పగలగొడతారు సార్? ఏమీ మిగల్లేదు."

"నీ మొగుడు తప్పు చేయలేదని చెప్పే వస్తువు ఏదైనా ఉంటే చూపించమ్మా."

చౌడమ్మ చీపురు పక్కన పెట్టింది. అటక మీంచి ఒక బిస్కెట్ల డబ్బా దించింది. లోపల పాత పేపర్లలో చుట్టిన స్పార్క్ ప్లగ్గులు. ప్రతి పొట్లం మీద ఒక తేదీ.

"కారు ఒకసారి తోలి చూసినప్పుడల్లా ఇవి ఊడబెరికి భూతద్దంలో చూస్తాడు. ఏడుసార్లు చూసినాడు ఆ కారుకు. నాకు వండి పెట్టేదానికి తీరిక ఉండాదా అని ఒక్క రోజు చూసింటే బాగుండు."

ఏడు పొట్లాలు. చివరిది ఆదివారానిది. ప్లగ్గుల కొసలు లేత ఇటుక రంగులో ఉన్నాయి. "ఈ రంగుంటే ఇంజన్ బాగుండాదని అంటాడు," అంది చౌడమ్మ.

ఆంజనేయులు డబ్బా చంకలో పెట్టుకుని తిరిగాడు. కంప్రెసర్ మీద ఒక గుర్తు. డ్రిల్లింగ్ మిషన్ మీద అదే గుర్తు. పాత జాకీ మీద కూడా. రెండు తెల్లగీతలు కింద కలిశాయి. మధ్యలో ఎర్రగీత.

"ఇదేందమ్మా?"

"నామం సార్. కదిరి నరసింహస్వామిది. ఏది బిగించినా దానికి నామం పెట్టందే ఆయన ఇంజన్ స్టార్ట్ చేయడు. తురకోళ్ల బండైనా సరే, వాళ్లను అడిగి పెడతాడు. వాళ్లూ పెట్టించుకుంటారు."

మస్తాన్‌వలి నవ్వాడు. "నా మోపెడ్‌కు కూడా ఉండాది సార్."

ఆంజనేయులు నవ్వలేదు. కంప్రెసర్ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"వలీ. ఫోటో ఇవ్వు."

సిలిండర్ ఫోటో. రెండు పట్టీల మధ్య నీలం ఒళ్లు. దాని మీద గుర్తు. రెండు తెల్లగీతలు పైన కలిశాయి. కింద విడిపోయాయి. మధ్యలో ఎర్రగీత.

గోపురం లాంటి గుర్తు. తనే చెప్పి రాయించాడు. ఇద్దరు పంచనామా సాక్షులు సంతకాలు కూడా పెట్టారు.

"కదిరి పక్కన ఇన్నేళ్లు ఉద్యోగం చేసి, నామాన్ని చూసి గోపురం అంటినే," అన్నాడు ఆంజనేయులు. తనను తానే కొట్టుకోవాలనిపించింది.

ఫోటోను తలకిందులుగా తిప్పాడు. నామం సరిగ్గా కనిపించింది.

* * *

పది నలభై. గోరంట్ల స్టేషన్.

కాలిన ఇంజన్ లోంచి మస్తాన్‌వలి నాలుగు ప్లగ్గులు ఊడదీసి, స్టీలు ప్లేటులో పెట్టి తెచ్చాడు. ఓబులేసు చూశాడు. ముఖం పాలిపోయింది.

కొసలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఒకదాని లోహం చెమట బొట్టులా కరిగి గడ్డకట్టింది.

"జెట్లు చూసినారా సార్?"

"చూసినా. ఇవిగో. మీద నంబర్లు ఉన్నాయి."

"నేను పెట్టినవే. మార్చలేదు." ఓబులేసు ఒక ప్లగ్గు తీసి కిటికీ వెలుగులో చూశాడు. "జెట్లు అవే. పెట్రోలు అంతే. గ్యాసు మాత్రం నాలుగింతలు పోయింది."

"యట్లా?"

ఓబులేసు ప్లగ్గును ప్లేటులో పెట్టేశాడు.

"ఓబులేసూ. మూడు పదికి నువ్వు కోర్టులో ఉండాల. నిన్న నా దగ్గర ఒక మాట మింగినావు. ఇప్పుడు కక్కు. సిలిండర్ తలకిందులైతే ఏమవుతాది?"

ఓబులేసు తలెత్తాడు. నోరు తెరుచుకుంది.

"తలకిందులుగా ఉండిందా?"

"నువ్వు చెప్పు ముందు."

"అమ్మే కిట్లలో సిలిండర్ లోపల అడుగుదాకా గొట్టం ఉంటాది సార్. ఇది కిట్టుది కాదు, ఆసుపత్రి సిలిండర్. గొట్టం ఉండదు. లోపల గ్యాసు నీళ్ల మాదిరి అడుగున ఉంటాది, పైన ఆవిరి. తల పైకి పెడితే ఆవిరి వస్తాది. తల కిందికి పెడితే ఆ నీళ్లే వస్తాయి. ఒక్క చుక్కలో బోలెడంత ఆవిరి దాగి ఉంటాది. నేను ఆవిరికి జెట్టు పెట్టినా. అందుకే తల పైకి బిగించినా."

"ఇది నిన్న ఎందుకు చెప్పలా?"

"పనిలో కిటుకు సార్ అది." ఓబులేసు గోడ వైపు తిరిగాడు. "ఎవరికీ చెప్పలా. కిరణప్పకు కూడా. చెప్తే వాళ్లే చేసుకుంటారు. మళ్లా నా షెడ్డుకు ఎవరొస్తారు? తిప్పితే బలమొస్తాదని తెలిస్తే కిరణప్ప ఆ రోజే తిప్పుండు."

"అంటే తిప్పకూడదని కిరణ్ వాళ్ల ఇంట్లో ఎవరికీ తెలీదు."

"తెలీదు సార్."

"తిప్పాలని మాత్రం ఎవరికో తోచింది."

ఆంజనేయులు టోపీ తీసుకున్నాడు. కోపం తగ్గలేదు. ఎవరి మీద కోపమో మాత్రం ఇప్పుడు తెలియడం లేదు.

* * *

పదకొండు యాభై. నరసింహప్ప ఇల్లు.

వరండా నిండా జనం. నరసింహప్ప కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్‌ను చూసి లేవలేదు.

"వాడిని కోర్టుకు తోలకుండా ఈడేం చేస్తాండావు?"

"కారు తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో అడగాల."

"ఇంట్లో. మేకుకు. అందరికీ తెలుసు. అదా నీ విచారణ?"

సోమవారం రాత్రంతా కారు కొట్టంలో ఉంది. కొట్టానికి బయట తాళం. కుక్క కాపలా. బయటివాళ్లు రాలేదు. డిక్కీ తాళం పగలలేదు.

కిరణ్ కాక ఇంట్లో ముగ్గురే. నరసింహప్ప. ప్రవీణ్. కిరణ్ భార్య ఇంద్రాణి. అన్నదమ్ముల తల్లి నాలుగేళ్ల కిందటే పోయింది.

ఇంద్రాణిని వంటింట్లోనే ప్రశ్నించాడు. ఆమె మూలగా కింద కూర్చుని ఉంది. పక్కన వంటమనిషి బయమ్మ, వచ్చినవాళ్లకు టీ కాస్తోంది.

"మీ ఆయన కారు పిచ్చి మీకు ఇష్టం లేదా?"

"లేదు. దాన్ని తగలబెడతానన్నా ఒకసారి." ఇంద్రాణి కళ్లెత్తి నేరుగా చూసింది. "రాసుకోండి సార్. నేనే చేసినానని రాసుకున్నా పరవాలేదు. నాకేమీ పట్టట్లేదు."

"నిన్న పొద్దున మీరు లేచినారా?"

"లేదు. చలికి పడుకునే ఉన్నా. ఆయనే వచ్చి దుప్పటి సరిచేసి పోయినాడు."

ఆంజనేయులు డైరీ మూశాడు. అప్పుడే పొయ్యి మంట నీలంగా వణికి సన్నబడింది. బయమ్మ విసుక్కుంది.

"సచ్చింది గ్యాసు. బుక్ చేసి నలభై రోజులాయ. చిన్నయ్యా! ఓ చిన్నయ్యా! రాప్పా, తిప్పిపో!"

ప్రవీణ్ వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మాట్లాడకుండా వంగి, వంట గ్యాస్ సిలిండర్‌ను రెండు చేతులా పట్టుకుని, మెల్లగా ఒరిగించి, గోడకు ఆనించి దాదాపు బోర్లించాడు. అలవాటైన చేతులు. పొయ్యి మంట లేచింది.

"నాలుగు రోజులు లాగుతాది ఇంక," అంది బయమ్మ. "మా చిన్నయ్య తిప్పితేనే వస్తాది సార్. నేను తిప్పితే రాదు."

జిల్లాలో ఏ ఇంట్లోనైనా ఇదే పని. ఆంజనేయులు ఇంట్లో కూడా పోయిన వారమే ఆయన భార్య సిలిండర్‌ను పడుకోబెట్టింది.

ఆంజనేయులు వంగి బోర్లించిన సిలిండర్ తల వైపు చూశాడు. ప్రవీణ్ అప్పటికే వెళ్లిపోతున్నాడు.

"ప్రవీణ్."

"సార్?"

"రెండు గంటలకు మీ నాయనతో కలిసి స్టేషన్‌కు రా."

* * *

రెండు ఐదు. ఇన్‌స్పెక్టర్ గది.

నరసింహప్ప, ప్రవీణ్ కుర్చీల్లో. ఓబులేసు గోడ దగ్గర, మస్తాన్‌వలి పక్కన. కిటికీ బయట చౌడమ్మ. కదిరి నుంచి బస్సులో వచ్చి గంటసేపటి నుంచీ అక్కడే నిలబడి ఉంది.

"తొందరగా కానీ," అన్నాడు నరసింహప్ప. "ఊర్లో పని ఉండాది. రేపు మూడో రోజు."

"ప్రవీణ్. నిన్న పొద్దున మీ అన్న నిన్ను ఎన్ని గంటలకు లేపినాడు?"

"ఐదున్నరకు."

"ఎందుకు?"

"సిలిండర్ దగ్గర ఒక మీటర్ ఉంటాది సార్. ముల్లు ఆరు వందల దగ్గర ఉండె. ఆదివారం షెడ్డులో తొమ్మిది వందలు చూపించిందంట. గ్యాసు అయిపోయినట్టుందిరా, ఇంకోటి తగిలిద్దామా అన్నాడు. టైం లేదు, ఈ ఒక్కసారికి వస్తాదిలే అన్నా."

"అని?"

"తిప్పినా."

ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. అతనికి ఇంకా తెలియలేదు.

"యట్లా తిప్పినావు?"

"పట్టీలు వదులు చేసి, తల కిందికి చేసి, మళ్లా బిగించినా. పైపు పొడుగే ఉంది, అందింది. ఇంట్లో గ్యాసు తిప్పేట్టే." ప్రవీణ్ అందరి ముఖాలూ చూశాడు. "ఎందుకు సార్? అది ఎవరూ అడగలా నన్ను. అడిగింటే చెప్పుందును."

ఓబులేసు గోడకు జారి కింద కూర్చున్నాడు.

ఆంజనేయులు ఫోటో టేబుల్ మీద పెట్టాడు. నామం ఏ దిక్కుకు ఉందో వేలితో చూపించాడు. తెల్లబడిన ప్లగ్గులు ఒక పక్క, ఇటుక రంగు ప్లగ్గులు ఇంకో పక్క పెట్టాడు. తల పైకి ఉంటే ఏమొస్తుందో, కిందికి ఉంటే ఏమొస్తుందో చెప్పాడు. గొంతు పెంచలేదు. కొలిమి గురించి చెప్తున్నప్పుడు నరసింహప్ప చెయ్యెత్తాడు.

"చాలు."

ప్రవీణ్ మాత్రం ఆపలేదు. "గ్యాసు అయిపోయింది కదా సార్. ముల్లు పడిపోయింది కదా."

జవాబు ఓబులేసు దగ్గర్నుంచి వచ్చింది. కింద కూర్చునే చెప్పాడు.

"అయిపోలేదప్పా. నిండుగా ఉండాది. ఈ గ్యాసు మీటర్ ఎంత ఉండాదో చూపించదు. చలిని చూపిస్తాది. ఆదివారం మధ్యాహ్నం ఎండలో తొమ్మిది వందలు. నిన్న తెల్లారి చలికి ఆరు వందలు. ఎండెక్కితే మళ్లా దానంతటదే లేస్తాది."

గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు. కరెంటు పోయి అప్పటికే గంట.

"అయితే," అన్నాడు ప్రవీణ్. తండ్రి వైపు తిరిగాడు. "నాయనా..."

నరసింహప్ప కొడుకు వైపు చూడలేదు. ఆంజనేయులు వైపు వంగాడు. ఆ గొంతు నిన్నటి గొంతు కాదు.

"ఇన్‌స్పెక్టర్. ఒకడు పోయినాడు. ఇంకొకడిని కూడా తీసుకుపోతావా? ఈ మాట ఈ గదిలోనే ఉండనీ. ఆ మెకానిక్ మాటజారినాడు, పది మంది విన్నారు. కేసు ఉన్నట్టే ఉండనీ. నాలుగు నెలల్లో నేనే లాయర్ను పెట్టి వాడిని విడిపిస్తా. వాడి ఇల్లు నేను చూసుకుంటా."

"నాలుగు నెలలు," అంది కిటికీ బయట్నుంచి చౌడమ్మ. అంతే అంది.

"వీడిది హత్య కాదప్పా," అన్నాడు ఆంజనేయులు. "తెలియక చేసినాడు. జరిగింది జరిగినట్టు రాస్తా. ఆ తర్వాత కోర్టు చూసుకుంటుంది. కానీ వీడు తిప్పినానని రాసివ్వకపోతే, నా దగ్గర ఒక ఫోటో తప్ప ఏమీ లేదు. ఫోటో చూపిస్తే మేజిస్ట్రేట్ ఏమంటాడు? తిప్పింది కూడా ఓబులేసే అంటాడు."

"అదే అననీ."

రెండు ఇరవై ఐదు.

ఆంజనేయులు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నేళ్ల సర్వీసులో దొంగను పట్టుకున్నాక ఇంత నీరసం ఎప్పుడూ రాలేదు. పట్టుకోవడానికి దొంగ లేడు. హంతకుడు లేడు. ఒక చలి, ఒక అలవాటు, ఒక దాచిన మాట. వీటిలో దేనికి సంకెళ్లు వేయాలి?

డీఎస్పీ ఫోన్ మోగింది. ఎత్తలేదు. మోగి మోగి ఆగింది.

"సార్," అన్నాడు ప్రవీణ్. లేచి నిలబడ్డాడు. "రాసుకోండి."

"కూర్చోరా!" నరసింహప్ప చెయ్యి పట్టి లాగాడు.

"వదులు నాయనా. నిన్న ఆయన చెంప పగలగొట్టినా. షెడ్డంతా పగలగొట్టినా. తిప్పింది నేను. ఆయన్ను జైల్లో పెట్టి నేను ఇంట్లో అన్నం యట్లా తినేది? వదినకు యట్లా కనపడేది?" ముక్కు చేత్తో తుడుచుకున్నాడు. "వస్తాదిలే పోన్నా అని మా అన్నతో అంటి. నవ్వుకుంటా పోయినాడు. రాసుకోండి సార్, మళ్లా నా మనసు మారకముందే."

నరసింహప్ప పట్టు వదిలాడు. చెయ్యి టేబుల్ మీద అలాగే ఉండిపోయింది.

మస్తాన్‌వలి కాగితాలు తెచ్చాడు. స్టేట్‌మెంట్ రెండు పేజీలు వచ్చింది. ప్రవీణ్ ఎక్కడా ఆగలేదు. కింద సంతకం పెట్టేటప్పుడు మాత్రం తేదీ మర్చిపోయాడు. మస్తాన్‌వలి చెప్పాడు.

రెండు యాభైకి ఆంజనేయులు లేచాడు. ఆ కాగితాలు పట్టుకుని తనే పెనుకొండ వెళ్లాలి. నిందితుడు ఏడీ అని మేజిస్ట్రేట్ అడుగుతాడు. డీఎస్పీ ఇంకేదో అడుగుతాడు. ఇద్దరికీ చెప్పడానికి ఇంకా మాటలు దొరకలేదు.

"ఓబులేసూ. నువ్వు పో."

ఓబులేసు మెల్లగా లేచాడు. చెప్పులు వేసుకోలేదు. నేరుగా ప్రవీణ్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. వాచిన చెంప ఇంకా నల్లగానే ఉంది.

ప్రవీణ్ చేతులు కిందికి వదిలేశాడు. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాడు.

"ఇంకో సిలిండర్ ఉందంటివే," అన్నాడు ఓబులేసు. "యాడ పెట్టినారు?"

ప్రవీణ్ కళ్లు తెరిచాడు. "కొట్టంలో. గడ్డి పక్కన."

"గడ్డి పక్కన వద్దప్పా. ఎండ తగలని తావులో నిలబెట్టండి. తల పైకి. ఎవరినీ ముట్టనీయకండి. అది ఏం చేస్తాదో, ఎట్లా చేస్తాదో, రేపు నేనే మీ ఇంటికొచ్చి అందరికీ చెప్తా. చెప్పి తీసుకుపోతా."

నరసింహప్ప తలెత్తి అతన్ని చూశాడు. కుర్చీలోంచి లేచాడు.

ఓబులేసు బయటికి నడిచాడు. చౌడమ్మ అతని చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే పరుగెత్తింది.